ఎంజీబీ జంట కార్బురేటర్లు: ఏ భాగం మార్చుకోవచ్చు, ఎలా బాగుచేయాలి?

పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే రెండు ఎస్‌యూ బ్రాండ్ కార్బురేటర్లతో పాటు, అంతకుముందు ఓనర్లు వాటికి చేసిన రిపేర్లన్నీ కూడా మీ చేతికొస్తాయి. ఒక కార్బురేటర్ పిస్టన్ (లోపల పైకీ కిందికీ కదిలేది) రెండోదానిలోకి, ఇంకేదో మోడల్ నీడిల్ (పిస్టన్ అడుగున ఉండే సూది) దీనిలోకి చేరిపోయి ఉంటాయి. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నిలకడగా తిరగడం) కుదరక తలపట్టుకునే చాలామంది అసలు చూడాల్సింది ఇక్కడే. ఈ కారు ఇంజన్ మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ కుటుంబానిదే, కాకపోతే 1798 సీసీ.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి. 1962 నుంచి 70ల మొదటి దాకా వచ్చిన బండ్లలో ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్4 ఉంటుంది. పెట్రోల్ గిన్నె పక్కన వేలాడుతూ, కింద నుంచి సన్నని నైలాన్ గొట్టం జెట్‌కి, అంటే నీడిల్ దిగే పెట్రోల్ రంధ్రానికి వెళ్తుంది. ఆ తర్వాతి హెచ్‌ఐఎఫ్4లో ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ దాని మట్టం సరిచూసే భాగం) కార్బురేటర్ బాడీ అడుగునే ఉంటుంది. ఒకదాని జెట్, ఫ్లోట్ సామాను రెండోదానికి పనికిరాదు. పైన గంట ఆకారపు మూత స్క్రూ కింద చిన్న రేకు ముక్క మీద నంబర్ ఉంటే అదృష్టమే, చాలా బండ్లలో అది ఎప్పుడో పోయి ఉంటుంది. కింద చెప్పేదంతా హెచ్‌ఎస్4 గురించి.

విప్పేటప్పుడు రెండు ట్రేలు పెట్టుకుని, ముందు వైపు కార్బురేటర్ సామాను ఒకదానిలో, వెనకది రెండోదానిలో వేయండి. గంట మూత, పిస్టన్ జతగా ఫ్యాక్టరీలో కుదిర్చినవి. పిస్టన్ అంచుకీ మూతకీ మధ్య సందు చాలా సన్నం, అయినా రెండూ తాకవు. ఒక జతలోది రెండో జతలోదానితో ఎప్పుడూ కలపకండి. లోపల ఎమరీ పేపర్ అసలు వద్దు. పెట్రోల్‌తోనో థిన్నర్‌తోనో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. మెరుపు కావాలంటే మూత బయట ఎంతైనా రుద్దుకోండి.

జత సరైనదో కాదో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. స్ప్రింగ్ తీసేసి, పిస్టన్ అడుగు రంధ్రాలు ప్లాస్టిసిన్‌తో (పిల్లలు బొమ్మలు చేసే మెత్తని మైనం) మూసి, నూనె పోయకుండా డ్యాంపర్ (మూత పైనుంచి పిస్టన్‌లోకి దిగే కడ్డీ) బిగించండి. పిస్టన్‌ను మూతలోకి పూర్తిగా నెట్టి, తలకిందులు చేసి, పిస్టన్‌ను పట్టుకుని మూతను వదలండి. కింద మెత్తని గుడ్డ పరచడం మరవద్దు. మూత 5 నుంచి 7 సెకన్లలో నెమ్మదిగా జారాలి. టపీమని పడితే అది వేరే పిస్టన్, లేదా అరిగిపోయిన జత.

స్ప్రింగులు మార్చుకోవచ్చు, కానీ రెండువైపులా ఒకే రంగు ఉండాలి. ఎంజీబీకి ఎర్ర రంగు, అంటే నాలుగున్నర ఔన్సులది. నీడిల్ దగ్గర జాగ్రత్త. పాతవి కదలని నీడిళ్లు. 60ల చివర నుంచి స్ప్రింగ్ మీద ఒకవైపు వాలే రకం వచ్చింది. వాటికి పిస్టన్‌లోని రంధ్రం వేరు, కాబట్టి నీడిల్ ఒక్కటే తెచ్చి పెడదామంటే కుదరదు. రెండు పిస్టన్లలోనూ నీడిల్ మీది కోడ్ ఒకటేనా అని భూతద్దంతో చూడండి. కదలని నీడిల్ భుజం పిస్టన్ అడుగుకి సరిగ్గా సమానంగా ఉండాలి. జెట్లు కొనేటప్పుడు ముందుదా వెనకదా అని చెప్పి తీసుకోండి, గొట్టాలు వేరు. ఎస్‌యూ పేరుతో కొత్త భాగాలు ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో ఉన్న బర్లెన్ కంపెనీ చేస్తోంది.

ఎక్కువగా అరిగేది థ్రాటిల్ స్పిండిల్, అంటే గాలి దారిని తెరిచి మూసే డిస్క్‌ని తిప్పే కడ్డీ. పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆడుతోందంటే అక్కడి నుంచి గాలి దూరుతోంది, ఇక మీరు మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) ఎంత తిప్పినా లాభం లేదు. కొత్త స్పిండిల్ వేసినా ఆడుతుంటే బాడీకి బుష్‌లు (రంధ్రంలో తొడిగే చిన్న గొట్టాలు) వేయించాలి. ఇది లేత్ ఉన్న వర్క్‌షాప్‌కి ఇవ్వాల్సిన పని. డిస్క్ విప్పేముందు ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి, అంచులు వాలుగా ఉంటాయి. తిరిగి బిగించాక స్క్రూల చీలిక చివరలు కాస్త విప్పార్చాలి. లేకపోతే ఊడి నేరుగా ఇంజన్‌లోకే వెళ్తాయి.

ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది కాబట్టి పాత రబ్బరు పైపులన్నీ తీసేసి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి.

కదలని నీడిల్ అయితే బిగించేటప్పుడు జెట్‌ని మధ్యకి తేవాలి. జెట్‌ని పూర్తిగా పైకి పెట్టి, దాని లాక్ నట్ వదులు చేసి, డ్యాంపర్ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ను కిందికి నొక్కి పట్టుకుని, నట్ బిగించండి. పిస్టన్ ఎత్తి వదిలితే టక్‌మని శబ్దం రావాలి. రాలేదంటే నీడిల్ తగులుతోంది, మళ్లీ చేయాల్సిందే. విసుగు పుట్టించే పనే, దాటవేయకండి. వాలే నీడిల్‌కి ఈ బాధ లేదు. డ్యాంపర్‌లో ఎస్‌ఏఈ 20 నూనె పోయండి.

చివరగా ట్యూనింగ్. రెండు జెట్లనూ పైఅంచుకి తెచ్చి, జెట్‌ని సర్దే నట్‌ని (లాక్ నట్ కాదు) 12 ముఖాలు, అంటే ఆరు ముఖాల నట్ కాబట్టి రెండు చుట్లు కిందికి తిప్పి స్టార్ట్ చేయండి. ఇంజన్ వేడెక్కాక రెండు స్పిండిళ్లనూ కలిపే క్లాంపులు వదులు చేసి, రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండింటి గాలి హోరు సమానంగా వినిపించేలా సర్దండి. ఆ తర్వాత ఒక్కో పిస్టన్‌ను కార్బురేటర్‌కే ఉండే, పిస్టన్ ఎత్తే పిన్‌తో ఒక మిల్లీమీటర్ లోపే ఎత్తండి. స్పీడ్ పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, పడిపోతే తక్కువైంది, క్షణకాలం కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయింది. ఒకసారికి ఒక ముఖమే తిప్పండి, ఆ తర్వాత రెండో కార్బురేటర్‌ని మళ్లీ చూడండి. ఒకదాన్ని మారిస్తే రెండోది కూడా మారుతుంది.