పోర్ట్‌లాండ్ చలికాలం: అక్టోబరు మ్యాపును ఎంతవరకు నమ్మాలి?

అక్టోబరు సగానికి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: "అన్నా, ఈసారి చలి గట్టిగా ఉంటుందా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది రూ ఇన్‌స్టిట్యూట్‌లో చదవడానికి వచ్చిన పిల్లలు, లేదా డల్లాస్ నుంచో టాంపా నుంచో ఉద్యోగం మారి దిగిన కుటుంబాలు. నేను చెప్పేది మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ గురించి, ఒరెగాన్‌లోది కాదు. ప్రశ్నతో పాటు ఒక అమెరికా మ్యాపు కూడా ఫార్వర్డ్ అవుతుంది, ఈశాన్యం మూలంతా నారింజ రంగు. "వెచ్చగా ఉంటుందంట కదా, స్నో టైర్లు మానేద్దామా?" మానేయమని ఆ మ్యాపులో ఎక్కడా లేదు. అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒకసారి రాసి పెడితే ఏటా చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను.

మ్యాపు వేసేది అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖలోని క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలకీ కలిపి ఒకే సగటు చెబుతారు. ప్రతి నెలా మూడో గురువారం కొత్తది వస్తుంది కాబట్టి అక్టోబరుదే పట్టుకుని కూర్చోకుండా నవంబరుది కూడా చూడండి. చలికాలం మూడు రకాలుగా ఉండొచ్చని వాళ్ల లెక్క: మామూలు కన్నా వెచ్చన, మామూలు, మామూలు కన్నా చల్లన. 1991 నుంచి 2020 వరకు ఉన్న రికార్డే ఈ 'మామూలు'కి కొలత. ఏ ఆధారమూ లేకపోతే మూడింటికీ తలా 33 శాతం. మన మూల మీద 'వెచ్చన 40 శాతం' అని ఉందంటే మిగిలిన 60 శాతం మామూలుకో చలికో పోయినట్టే కదా. ఇక అందరూ పొరబడేది రంగు దగ్గర. ముదురు నారింజ చూసి ఎండలు కాస్తాయనుకుంటారు. రంగు ముదిరితే వాళ్లకి ఆ అంచనా మీద నమ్మకం పెరిగిందని అర్థం, ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో దానికి సంబంధం లేదు. తెల్లగా వదిలేసిన చోట 'ఈక్వల్ ఛాన్సెస్' అని ఉంటుంది. ఎటూ చెప్పలేం అని మర్యాదగా ఒప్పుకోవడం అది.

సగటు ఎంత మోసం చేస్తుందో చూడాలంటే 2015-16 చలికాలం తీసుకోండి. బలమైన ఎల్‌నినో సంవత్సరం. బోస్టన్‌లో ఆ డిసెంబరు రికార్డు స్థాయిలో వెచ్చగా గడిచింది. అదే చలికాలంలో ఫిబ్రవరి 14 తెల్లవారుజామున అదే బోస్టన్‌లో మైనస్ 9 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 23 సెల్సియస్. మూడు నెలల సగటు వెచ్చగానే తేలింది. కానీ గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టడానికి మూడు నెలలు అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు.

ఎల్‌నినో, లానినా పేర్లు మనకి కొత్తేం కాదు, మన రుతుపవనాల వార్తల్లో ఏటా వింటూనే ఉంటాం. అయితే మెయిన్ తీరం మీద వాటి పట్టు అంత గట్టిది కాదు. ఇక్కడ ఎక్కువ తేడా తెచ్చేది ఉత్తర అట్లాంటిక్ మీద గాలి ఒత్తిడి తీరు, నార్త్ అట్లాంటిక్ ఆసిలేషన్, పొట్టిగా ఎన్ఏఓ అంటారు. అది నెగటివ్‌లోకి జారితే గ్రీన్‌లాండ్ వైపు దారి మూసుకుపోయి తుపాన్లు మన తీరం పక్కనే నెమ్మదిస్తాయి. చిక్కేమిటంటే దాన్ని రెండు వారాలకి మించి ముందు పట్టుకోలేరు. పట్టుకున్నా గ్యారంటీ లేదు: 2014-15లో బోస్టన్‌లో రికార్డుగా 110.6 అంగుళాల స్నో పడింది, అందులో ఎక్కువ భాగం పడిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎన్ఏఓ పాజిటివ్‌గానే ఉంది. మన మెయిన్‌లోని లూయిస్టన్ నుంచి చాలాకాలం వెలువడిన ఫార్మర్స్ అల్మనాక్, అదే ఏడాది వాతావరణం ముందే చెప్పే పుస్తకం, దాని మాటేమిటని కూడా అడుగుతారు. నాకైతే అది ఉగాదినాటి పంచాంగ శ్రవణం లాంటిది. వింటాను, నవ్వుకుంటాను, టైర్లు మార్పిస్తాను.

మరి సీజను అంచనా దేనికి? ఖర్చుకి. మెయిన్‌లో చాలా ఇళ్లకి ఇప్పటికీ హీటింగ్ ఆయిలే దిక్కు. అద్దె మాట్లాడేటప్పుడే "హీట్ రెంట్‌లో కలిసిందా?" అని అడగండి. కలవకపోతే బేస్‌మెంట్‌లో ట్యాంకు ఉంటుంది, మామూలుగా 275 గ్యాలన్లది. దాని మీద చిన్న గాజు గొట్టంలో తేలే గేజి పావు దగ్గరికి దిగకముందే ఆర్డరు పెట్టండి, తుపాను వారంలో ట్రక్కులు ఆలస్యమవుతాయి. ట్యాంకు ఇంటి బయట ఉంటే ఇంకో సంగతి: మామూలు ఆయిలు గట్టి చలికి చిక్కబడి పైపులో ఆగిపోతుంది, అందుకే కిరోసిన్ పోయిస్తారు లేదా కలిపిస్తారు. 'వెచ్చన' అని వచ్చిన ఏడాది కూడా నేను మామూలు ఏడాదికే డబ్బు పక్కన పెడతాను. మిగిలితే మార్చిలో మా ఆవిడ దానికి వేరే దారి చూపిస్తుంది.

తుపాను విషయానికొస్తే సీజను మ్యాపు మూసేసి నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లకి గ్రే అనే ఊళ్లో ఉన్న ఆఫీసు పేజీ తెరవండి, మన ప్రాంతం చూసేది వాళ్లే. మాది కాకినాడ. అక్కడ తుపాను ఎక్కడ తీరం దాటుతుందా అని చూస్తాం. ఇక్కడి నార్‌ఈస్టర్‌కి, అంటే ఈశాన్య గాలులతో తీరం వెంట వచ్చే తుపానుకి, చూడాల్సింది దాని కేంద్రం తీరానికి ఏ పక్కగా పోతుందన్నది. సముద్రం మీదుగా, 40 డిగ్రీల ఉత్తరం, 70 డిగ్రీల పశ్చిమం దరిదాపుల్లోంచి పోతే మనకి చలిగాలి తగులుతుంది, స్నో పడుతుంది. భూమి మీదుగా పోతే సముద్రపు గాలి మన మీదికి తిరిగి వాన పడుతుంది. డిసెంబరులో గల్ఫ్ ఆఫ్ మెయిన్, అంటే మన ముందున్న సముద్రం, నీళ్లు ఇంకా అంత చల్లబడి ఉండవు. గాలి తూర్పు నుంచి వస్తే ఒడ్డునున్న కమర్షియల్ స్ట్రీట్‌లో వాన, కాస్త లోపలున్న వెస్ట్‌బ్రూక్‌లో స్లీట్ (మంచు గుళికలు), ఇంకా లోపల సెబేగో లేక్ అవతల అడుగు స్నో, అన్నీ ఒకే సాయంత్రం. అదే గాలి ఉత్తరానికి తిరిగితే వాన గంటలోపే స్నో అయిపోవచ్చు. అందుకని ఫోన్ యాప్‌లో '8 అంగుళాలు' అన్న ఒక్క అంకె చూసి ఊరుకోవద్దు. గ్రే పేజీలో స్నో అంచనాకి తక్కువ వైపు, ఎక్కువ వైపు రెండు మ్యాపులుంటాయి. రెండిటికీ మధ్య తేడా 2 అంగుళాలకీ 12 అంగుళాలకీ ఉన్నంత ఉంటే వాన-స్నో గీత సరిగ్గా మన నెత్తిమీద ఉందని తెలుసుకోండి. పక్కనే 'ఫోర్‌కాస్ట్ డిస్కషన్' అని గడబిడగా కనిపించే పేరాలు ఉంటాయి. ఓపిగ్గా చదవండి, వాళ్ల అనుమానాలన్నీ అందులోనే రాస్తారు.

వెదర్ సర్వీస్ నుంచి 'వాచ్' వచ్చిందంటే తుపానుకి అవకాశం ఉందని. పాలు, మందులు, ఫోన్ ఛార్జింగ్, కారులో సగం ట్యాంకు పైన పెట్రోలు చూసుకోండి. 'వార్నింగ్' అంటే వచ్చేస్తున్నట్టే. సిటీ పార్కింగ్ బ్యాన్ (రోడ్డు మీద కార్లు ఆపొద్దని) పెట్టిందేమో ఆ సాయంత్రమే చూసుకోకపోతే కారు లాక్కుపోతారు, తెల్లారి ఉండదు.

తీరానికి దగ్గర్లో ఉన్నవాళ్లు స్నో కన్నా పోటు మీద ఎక్కువ కన్నేయాలి. తుపాను గాలి పెద్ద పోటు వేళకి కలిసిందా లేదా అన్నదే అసలు లెక్క. పోర్ట్‌లాండ్ రేవులో నీటిమట్టం కొలిచే గేజి 12 అడుగులు దాటితే నీళ్లు రోడ్డెక్కడం మొదలవుతుంది. 2024 జనవరి 13న అది 14.57 అడుగులకి చేరి 1978 నాటి రికార్డును దాటేసింది. సౌత్ పోర్ట్‌లాండ్ విల్లర్డ్ బీచ్ దగ్గర తరాలుగా నిలబడ్డ చేపల పాకలు ఆ రోజు కొట్టుకుపోయాయి. ఏ సీజను మ్యాపూ ఆ తారీకు ముందే చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు, అది దాని పనే కాదు. పోటు వేళలు మాత్రం ఏడాది ముందే అచ్చవుతాయి. తుపాను కబురు రాగానే ఆ పట్టిక పక్కన పెట్టుకుని వేళలు సరిచూసుకోండి, కారు బేస్‌మెంట్ గ్యారేజీలో ఉంటే ఎత్తుకి తీసుకెళ్లండి.

తుపాను వెళ్లాక ఆకాశం విచ్చుకుంటుంది, ఆ రాత్రి చలి ఇంకా ముదురుతుంది. సున్నా ఫారెన్‌హీట్‌కి గంటకి 15 మైళ్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, కప్పుకోని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. బయటి గోడవైపు సింకు కింద తలుపులు తెరిచి, కుళాయి సన్నటి ధారగా వదలండి. కరెంటు పోతే జనరేటరు బయటే పెట్టాలి, బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేకూడదు. కొన్ని ఇళ్లలో బయట గోడకి బాయిలర్ పొగ వదిలే తెల్ల పైపు ఒకటుంటుంది. పార తీసుకుని ముందు దాని చుట్టూ స్నో తీయండి, డ్రైవ్‌వే సంగతి ఆ తర్వాత.