పుట్టగొడుగులు ఏరుకుని వండుకోవడం ఎలా? ముందు పుట్టను చూసి పెట్టుకోండి

ఉగాది అయిపోయాక ఎవరైనా పుట్టగొడుగులకు పోదాం రమ్మంటే మా కడప వైపు నవ్వుతారు. ఈ ఎండల్లో గొడుగులు ఎక్కడివి? చలి దేశాల వాళ్లు వసంతంలో అడవుల్లో పడి ఏరుకునే వీడియోలు ఫోన్లో బోలెడు కనిపిస్తాయి, మన దేశంలో కూడా హిమాచల్, కాశ్మీర్ కొండల్లో మంచు కరిగే వేళకు గుచ్చి అనే రకం లేస్తుంది. మనకు మాత్రం మృగశిర కార్తె రావాలి, అంటే జూన్ రెండో వారం, ఆపైన నేల బాగా నానేటట్టు ఒకటి రెండు వానలు పడాలి. అనంతపురం వాళ్లయితే ఇంకొంచెం ఓపిక పట్టాలి, అక్కడ వాన సంగతి తెలిసిందే కదా.

అలాగని వసంతంలో పని లేదనుకోకండి.

ఎండాకాలంలో: పుట్టలు చూసుకోవడం

మనం కమ్మగా వండుకునే అసలు పుట్టగొడుగును పెంచేది చెదలు. ఎండుటాకులు, పుల్లలు, గడ్డి నమిలి తెచ్చి పుట్ట లోపల స్పాంజీలాంటి గూళ్లు కట్టి వాటి మీద ఒక రకం బూజును సాగుచేస్తాయి, వాటికి తిండి అదే. వాన తడి లోపలికి దిగాక ఆ బూజు నుంచే మొగ్గ బయలుదేరి మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. ఉరుములు ఉరిమితేనే లేస్తాయని మా జేజి నమ్మకం, ఉరుము సంగతి నాకు తెలియదు గానీ వెనకాలే వచ్చే వాన పని మాత్రం ఇది. షెడ్డుల్లో బటన్ పుట్టగొడుగులు పెంచినట్టు వీటిని పెంచి అమ్మడం కుదరడం లేదు, అందుకే వీటికి అంత గిరాకీ.

చెదలు ఇల్లు మార్చవు కాబట్టి పోయినేడు లేచిన చోటే ఈ ఏడూ లేచే అవకాశం ఎక్కువ. పంట కోసేశాక చేలు బోడిగా ఉంటాయి, పుట్టలు దూరం నుంచే కనిపిస్తాయి. గొర్రెలు మేపేవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు, అయితే ఊరికే చెప్పరు, టీ తాగించాలి. మీ చేలోనో, తెలిసినవాళ్ల గట్టు మీదో ఉన్నవే గుర్తు పెట్టుకోండి. నల్లమల పులుల అభయారణ్యంలోకో, లంకమల అభయారణ్యంలోకో అనుమతి లేకుండా పోయి ఏరుకుంటామంటే అటవీ శాఖ వాళ్లతో లేనిపోని టెన్షన్. పసుపు కుంకుమ పెట్టి పాలు పోసే పుట్ట జోలికి పోవద్దు. పత్తి చేల గట్లు, కలుపు మందు కొట్టిన చోట్లు, రోడ్డు పక్కన మురుగు పారే చోట్లు కూడా వదిలేయండి, మట్టిలో ఉన్నదాన్ని గొడుగు తనలోకి లాక్కుంటుంది.

వాన పడ్డాక: తెల్లారకముందే

మొగ్గగా ఉన్నప్పుడో, సగం విచ్చుకున్నప్పుడో కోసినవే రుచి. బాగా ఎండెక్కేదాకా ఆగితే పూర్తిగా విచ్చుకుని పురుగు పట్టేస్తాయి. చేతిలో కర్ర, టార్చిలైటు, కాళ్లకు బూట్లు ఉండాలి, ఎందుకంటే పుట్ట అంటే పాము ఇల్లు కూడా, కర్రతో చుట్టూ తట్టకుండా చెయ్యి పెట్టొద్దు. ప్లాస్టిక్ కవరు వద్దు, అందులో చెమటపట్టి ఇంటికొచ్చేసరికి జిగటగా అయిపోతాయి, గంపో గుడ్డసంచో పట్టుకోండి.

గుర్తుపట్టడం

అసలు కష్టం ఇక్కడే ఉంది, తొందర పడకండి. మొదటి ఏడాది ఒంటరిగా పోవద్దు, ఏళ్ల తరబడి ఏరుకుని తిన్నవాళ్లు పక్కన ఉండాలి. ఫోన్లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌ను నమ్మి మాత్రం పొయ్యి వెలిగించకండి.

"పైన ఏం జూస్తావురా, కింద జూడు" అనేది మా జేజి. అంటే గొడుగు ముఖం కాదు, కాడ ఎక్కడికి పోతోందో చూడమని. కత్తితో నేల మట్టానికి కోసేస్తే ఏమీ తెలియదు, కనీసం ఒకదాన్ని మెల్లగా చుట్టూ మట్టి తీసి చూడాలి. చెదల గొడుగుకైతే కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడి వేరులాగా జానెడు, మూరెడు, ఒక్కోసారి అంతకంటే లోతుకు పుట్టలోకి దిగుతుంది, పైన గొడుగు నడిమధ్యలో మొన తేలి ఉంటుంది. దీంట్లోనే చిన్న రకం ఒకటి వందల కొద్దీ తెల్లగా, గోరంత గోరంత గొడుగులతో నేలంతా పరుచుకుంటుంది, దానికి పొడుగు వేరు ఉండదు కాబట్టి కొత్తవాళ్లు దాన్ని వదిలేయడమే మంచిది. కాడ అడుగున గుడ్డు పెంకులాంటి గిన్నె కనిపిస్తే గంపలో కూడా వేయకండి, ప్రాణం తీసే రకాలకు ఉండే గుర్తు అది. కాడ మీద ఉంగరం ఉన్నవాటిలో తినేవీ ఉన్నాయి, అయినా నేను ముట్టను.

ఎందుకంటే ఒకసారి తిన్నాను. కడపలో అద్దెకున్నప్పుడు ఇంటి ముందు గడ్డిలో వాన మర్నాడు పళ్లెమంత తెల్ల గొడుగులు లేచాయి, పైన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. చుట్టుపక్కల పుట్ట లేదు, ఆ ఒక్క మాట చాలు వదిలేయడానికి, కానీ చూడటానికి ఎంత బాగున్నాయో. నాలుగు వేయించుకుని తిన్న రెండు గంటలకు మొదలైన వాంతులు తెల్లారేదాకా ఆగలేదు. మిగిలినవి గిన్నెలో పెట్టినవి చూస్తే గొడుగు కింది రేకులు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా తిరిగాయి. ఆ రకం లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే పచ్చబడతాయి. అనుమానం ఉంటే ఒక గొడుగు కాడ తీసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద బోర్లించి గిన్నె మూతపెట్టి రాత్రంతా ఉంచండి, పొడి రాలుతుంది. చెదల గొడుగు పొడి లేత గులాబీ, నేను తిన్నదాని పొడి ఆకుపచ్చ. గులాబీ వచ్చింది కదా అని మాత్రం తినేయొద్దు, గులాబీ పొడి రాల్చే విషపు రకాలు కూడా ఉన్నాయి. రంగు, వేరు, పుట్ట, పక్కన పెద్దమనిషి, అన్నీ అవునంటేనే.

విషపుదైతే వెండి చెంచా నల్లబడుతుంది, తెల్లగడ్డ రంగు మారుతుంది, పురుగు తిన్నది మనమూ తినొచ్చు అనేవి ఉత్త మాటలు. ఎంత ఉడికించినా పోని విషాలున్నాయి. వాటిలో ఘోరమైనది తిన్న ఆరు గంటలకో పన్నెండు గంటలకో గానీ బయటపడదు, వాంతులు విరేచనాలు అయ్యి ఒకరోజు తగ్గినట్టు అనిపించి తర్వాత కాలేయం దెబ్బతింటుంది. అందుకే తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు, తిన్నవాళ్లందరూ మిగిలిన గొడుగులు పట్టుకుని పెద్దాసుపత్రికి పోవాలి, 108కి ఫోన్ చేయండి.

తోడు దొరకలేదా? అంగట్లో పాల పుట్టగొడుగులు కొనుక్కోండి, కింద చెప్పిన కూర వాటితోనూ బాగానే ఉంటుంది.

వండటం

అరకిలో గొడుగులు అనుకుందాం. మట్టి ఉన్న వేరు కోసేసి, కాడను కత్తితో గీకి, ఉప్పు పసుపు వేసిన నీళ్లలో ఇట్టే ముంచి తీయండి, నానబెట్టొద్దు. రేకుల్లో పురుగులు ఉన్నాయేమో చూసి నిలువునా చేత్తో చీల్చండి, కోడికూర పీచుల్లాగా వస్తాయి.

రెండు చెంచాల ధనియాలు, ఆరు ఎండుమిరపకాయలు, రెండు లవంగాలు, చిన్న చెక్క, చిన్న ఎండుకొబ్బరి ముక్క దోరగా వేయించి ఎనిమిది తెల్లగడ్డ పాయలతో రోట్లో నూరుకోండి. చెనిక్కాయ నూనెలో రెండు ఎర్రగడ్డలు ఎర్రగా వేగాక గొడుగులు, పసుపు, ఉప్పు వేసి మూత లేకుండా పెట్టండి. నీళ్లు అవే ఊరుతాయి, ఆ నీళ్లు ఇంకేదాకా కదపడం తప్ప ఏమీ చేయకండి, చాలామంది ఇక్కడే తొందరపడి మసాలా వేసి కూరను పలచగా చేసుకుంటారు. తర్వాత రెండు టమోటాలు, అవి మెత్తబడ్డాక నూరిన కారం, ఒక గ్లాసు నీళ్లు, సన్నని సెగ మీద పావుగంట. సంగటిలోకి దీనికి మించింది లేదు, జొన్నరొట్టె ఉన్నా సరే.

మొదటిసారి తినేవాళ్లు రెండు ముద్దలతో ఆపండి, ఆ పూట మద్యం ముట్టొద్దు, చిన్నపిల్లలకు పెట్టొద్దు. కూర మిగిలితే రాత్రికే అవగొట్టండి. రెండు పచ్చి గొడుగులు మాత్రం వండకుండా పక్కన పెట్టి, కాగితంలో చుట్టి ఎల్లుండి దాకా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి, ఎవరికైనా తేడా చేస్తే ఆసుపత్రిలో చూపించడానికి.