లోడ్ సెల్ రీడింగ్ నిలవడం లేదా? రెగ్యులేటర్ మార్చే ముందు చూడాల్సినవి

లోడ్ సెల్ (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్) తూకం రీడింగ్ ఆడుతోందంటే చాలామంది అనుమానం ముందు రెగ్యులేటర్ (సప్లై వోల్టేజీని స్థిరంగా ఉంచే చిప్) మీదకే పోతుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్‌కు (ఎలక్ట్రానిక్స్ విడిభాగాల బజారు) వెళ్లి ఖరీదైన లో-నాయిస్ చిప్ తెచ్చి వేస్తారు, రీడింగ్ మాత్రం అలాగే ఆడుతుంటుంది. రెగ్యులేటర్ ఎంపికలో డేటాషీట్ మొదటి పేజీలోని నాయిస్ అంకె కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. రైల్ (యాంప్లిఫైయర్‌కు పవర్ ఇచ్చే లైన్) మీద ఉన్న చెత్త ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది, ఆ ఫ్రీక్వెన్సీలో యాంప్లిఫైయర్ దాన్ని ఎంతవరకు ఆపగలదు. లక్షణాన్ని బట్టి వెతికితే ఈ రెండూ తెలుస్తాయి.

ఉదాహరణకు బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యాలోని వర్క్‌షాపుల్లో మామూలుగా కనిపించే సర్క్యూట్‌నే తీసుకుందాం. 350 ఓమ్‌ల లోడ్ సెల్, ఎక్సైటేషన్ (లోడ్ సెల్‌కు ఇచ్చే వోల్టేజీ) 5 వోల్టులు, సెన్సిటివిటీ వోల్టుకు 2 మిల్లీవోల్టులు. అంటే పూర్తి బరువు పెట్టినా వచ్చేది 10 మిల్లీవోల్టులే. యాంప్లిఫైయర్ చిప్ ఏడీ620కి గెయిన్ రెసిస్టర్ 100 ఓమ్‌లు వేస్తే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 495, అవుట్‌పుట్ దాదాపు 5 వోల్టులు.

ముందుగా బ్యాటరీ పరీక్ష

సప్లై తీసేసి ప్లస్, మైనస్ రైళ్లకు రెండు 9 వోల్టుల బ్యాటరీలు, బ్రిడ్జికి (లోడ్ సెల్ లోపలి రెసిస్టర్ల సర్క్యూట్) నాలుగు పెన్‌టార్చ్ సెల్స్ పెట్టండి. కేబుళ్లను ఉన్నచోటే ఉంచండి. రీడింగ్ నిలిస్తే తప్పు సప్లైది. అప్పటికీ ఆడుతుంటే రెగ్యులేటర్ జోలికి పోకండి, కేబుల్ షీల్డు, కనెక్టర్, లోడ్ సెల్ చూడండి. పది నిమిషాల పని, చాలా ఖర్చు మిగులుతుంది.

అవుట్‌పుట్‌లో 100 హెర్ట్జ్ అల

మన మెయిన్స్ 50 హెర్ట్జ్, ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ తర్వాత రిపుల్ (డీసీ మీద మిగిలే అల) 100. అందుకే ఆసిలోస్కోప్‌లో 100 కనిపిస్తే సప్లైని, 50 కనిపిస్తే కేబుల్‌నో ఎర్త్ లూప్‌నో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే బోర్డు పెట్టడాన్నో అనుమానించండి. 50 హెర్ట్జ్‌కు రెగ్యులేటర్ మార్చి లాభం లేదు.

100 వస్తుంటే ఎక్కువగా దొరికే కారణం రెగ్యులేటర్‌కు ఇన్‌పుట్ వోల్టేజీ సరిపోకపోవడం. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 (ప్లస్, మైనస్ 12 వోల్టుల రెగ్యులేటర్లు), ఒక్కో రైల్‌కు 1000 మైక్రోఫారడ్ల ఫిల్టర్ కెపాసిటర్ ఉన్నాయనుకోండి. మెయిన్స్ 230 నుంచి 207కు పడితే సెకండరీ 10.8, దాని పీక్ 15.3 వోల్టులు. డయోడ్‌లో 0.9 పోతే 14.4. డిస్‌ప్లే, మైక్రోకంట్రోలర్ కూడా అదే రైల్ మీద ఉండి 100 మిల్లీయాంపులు లాగితే రిపుల్ ఒక వోల్టు. అంటే ప్రతి అలలో వోల్టేజీ 13.4 దాకా దిగుతుంది. 7812కు కనీసం 14 కావాలి. అది దక్కని ఆ కాసేపు ఇన్‌పుట్ రిపుల్ అవుట్‌పుట్‌లోకి నేరుగా దూకుతుంది. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి 11.9 అని చూసి బాగానే ఉందనుకుంటాం.

కరెంటు పోయినప్పుడు, ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే తూకం తప్పుతుంటే కారణం ఇంకొకటి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో పీక్, ఆర్‌ఎంఎస్ రెండూ దాదాపు ఒకటే. కెపాసిటర్లు 1.4 రెట్ల పీక్‌కు ఛార్జ్ కావు. 12 వోల్టుల సెకండరీ నుంచి డయోడ్ పోగా 11 వోల్టులే మిగులుతాయి.

పరిష్కారం: ఈ సర్క్యూట్‌కు 12 వోల్టుల రైళ్లు అవసరమే లేదు. అవుట్‌పుట్ 5 వోల్టులు దాటదు, ఏడీ620 ప్లస్-మైనస్ 2.3 నుంచే పనిచేస్తుంది. 9 వోల్టులకు దిగండి, ఎల్‌ఎం317, ఎల్‌ఎం337 (అవుట్‌పుట్ వోల్టేజీని మనమే పెట్టుకునే ప్లస్, మైనస్ రెగ్యులేటర్లు) జంటతో. అవుట్‌పుట్, ఏడీజే (వోల్టేజీని సర్దే కాలు) మధ్య 120 ఓమ్‌లు, ఏడీజే నుంచి గ్రౌండుకు 750 ఓమ్‌లు వేస్తే సుమారు 9.1 వోల్టులు వస్తాయి. మెయిన్స్ పడినా సరిపడా హెడ్‌రూమ్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య ఉండాల్సిన వోల్టేజీ తేడా) ఉంటుంది. ఇన్వర్టర్ మీద కూడా నడవాలంటే 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. మామూలు మెయిన్స్ మీద రెగ్యులేటర్‌లో ఒక వాట్ పైనే వేడి పుడుతుంది కాబట్టి హీట్‌సింక్ తప్పనిసరి.

హెడ్‌రూమ్ ఉన్నా 100 పోకపోతే గ్రౌండ్ తీగ చూడండి. రెక్టిఫైయర్ ఛార్జింగ్ పల్సులు సిగ్నల్ గ్రౌండ్ ట్రాక్‌లో పారకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ ముందు ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ కలిసే గ్రౌండ్ బిందువుకు రావాలి, అక్కడి నుంచి ఒకే తీగ యాంప్లిఫైయర్ గ్రౌండుకు వెళ్లాలి. ఎల్‌ఎం317 కింది రెసిస్టర్ (750) గ్రౌండ్ కొసను యాంప్లిఫైయర్ వైపు కలపండి.

ఎంత నాయిస్ పర్వాలేదు?

ఎల్‌ఎం317 నాయిస్ అవుట్‌పుట్‌లో సుమారు 0.003 శాతం, అంటే 9 వోల్టులకు 270 మైక్రోవోల్టులు. యాంప్లిఫైయర్ సప్లై రిజెక్షన్ (రైల్ మీది నాయిస్‌ను ఆపే శక్తి) 60 డీబీ, అంటే వెయ్యో వంతుకు తగ్గించడం మాత్రమే అనుకున్నా ఇన్‌పుట్ దగ్గర అది 0.27 మైక్రోవోల్టులు. 10 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో ఏడీ620 సొంత నాయిస్ 0.9. కాబట్టి ఈ సర్క్యూట్‌కు ఎల్‌ఎం317 చాలు. ఏడీజే నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్లు వేస్తే రిపుల్ రిజెక్షన్ 65 నుంచి 80 డీబీకి పెరుగుతుంది. ఆ కెపాసిటర్ డిశ్చార్జ్ అయ్యేందుకు ఏడీజే నుంచి అవుట్‌పుట్ వైపు ఒక 1ఎన్4002 డయోడ్ వేయండి.

లో-నాయిస్ రెగ్యులేటర్ ఎల్‌టీ3045 (నాయిస్ 0.8 మైక్రోవోల్టులు) గొప్ప భాగమే. దాని విలువ తెలిసేది వోల్టేజీ రిఫరెన్స్, క్లాక్, చాలా తక్కువ నాయిస్ ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్) లాంటి వాటి దగ్గర. ఇక్కడ పెడితే డబ్బు దండగ.

అడాప్టర్ మారిస్తే జీరో (బరువు లేనప్పటి రీడింగ్) జరుగుతోంది

స్విచింగ్ అడాప్టర్ నుంచో, 5 వోల్టుల నుంచి ప్లస్-మైనస్ తీసే చిన్న డీసీ-డీసీ మాడ్యూల్ నుంచో ఇచ్చినప్పుడు వచ్చే లక్షణం ఇది. వందల కిలోహెర్ట్జ్ రిపుల్‌ను 78 వరుస రెగ్యులేటర్లు ఆపలేవు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ యాంప్లిఫైయర్ రిజెక్షన్ కూడా తగ్గుతుంది, సాధారణంగా మైనస్ రైల్‌ది ఇంకా తక్కువ. లోపల ఆ రిపుల్ రెక్టిఫై అయ్యి డీసీ ఆఫ్‌సెట్‌గా బయటకొస్తుంది. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో ఇది కనబడదు. స్కోప్ ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ క్లిప్ తీసి, స్ప్రింగ్ కాంటాక్ట్‌తో కెపాసిటర్ కాళ్ల మీదే పెట్టి చూడండి.

రెగ్యులేటర్‌కు ముందు ఒక్కో రైల్‌లో 10 ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్లు పెడితే 160 హెర్ట్జ్ పైన తగ్గడం మొదలవుతుంది. 20 మిల్లీయాంపులకు 0.2 వోల్టే పోతుంది. 10 ఓమ్‌లకు బదులు వాడే ఫెర్రైట్ బీడ్‌కు సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే జత చేస్తే రెండూ కలిసి రెజొనేట్ కావచ్చు, పక్కనే ఎలక్ట్రోలిటిక్ కూడా వేయండి.

పొద్దున ఒక బరువు, మధ్యాహ్నం ఒక బరువు

బ్రిడ్జికి 7805 నుంచి నేరుగా ఎక్సైటేషన్ ఇస్తే ఇలా అవుతుంది. 7805 అవుట్‌పుట్ డిగ్రీకి సుమారు 1 మిల్లీవోల్టు మారుతుంది. పది డిగ్రీలకు 10 మిల్లీవోల్టులు, అంటే 0.2 శాతం, అంటే 10 కిలోల తూకంలో 20 గ్రాములు. నాయిస్ ఎంత తగ్గించినా ఇది తగ్గదు.

మంచి దారి ఏడీసీ రిఫరెన్స్ పిన్‌ను ఎక్సైటేషన్‌కే కలపడం. రెండూ కలిసి మారతాయి కాబట్టి నిష్పత్తి మారదు. అది కుదరకపోతే 5 వోల్టుల రిఫరెన్స్ చిప్ ఆర్‌ఈఎఫ్5050. కానీ అది 10 మిల్లీయాంపులే ఇస్తుంది, 350 ఓమ్‌ల బ్రిడ్జికి 14.3 కావాలి. మధ్యలో ఆప్-ఆంప్, దాని ఫీడ్‌బ్యాక్ లూప్ లోపల ఒక బీడీ139 ట్రాన్సిస్టర్ పెట్టండి.

జీరో కూడా జరుగుతుంటే వేడి రెగ్యులేటర్ ఏడీ620 పక్కనే ఉందేమో చూడండి. ఇన్‌పుట్ రెండు సోల్డర్ జాయింట్ల మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే అక్కడ మైక్రోవోల్టులు పుడతాయి. రెగ్యులేటర్‌ను బోర్డు ఇంకో చివరకు జరపండి.

మిగతావి

ఏఎంఎస్1117 రెగ్యులేటర్ అవుట్‌పుట్‌లో సిరామిక్ ఒక్కటే ఉంటే ఆసిలేట్ కావచ్చు (అవుట్‌పుట్ దానంతటదే ఊగుతుంది), 22 మైక్రోఫారడ్ల టాంటలమ్ వేయండి. ఎల్‌ఎం337కు అవుట్‌పుట్‌లో 1 మైక్రోఫారడ్ టాంటలమ్ లేదా 10 ఎలక్ట్రోలిటిక్ లేకుంటే అదీ అంతే.

ఎల్‌ఎం317 అవుట్‌పుట్ లెక్క కన్నా ఎక్కువ చూపిస్తే మినిమమ్ లోడ్ లేదని అర్థం. 240 ఓమ్‌లు వేస్తే 5 మిల్లీయాంపులే పారతాయి, కొన్ని ముక్కలకు 10 దాకా కావాలి. పైన 120 చెప్పింది అందుకే.

ఎల్‌ఎం337 వేడెక్కిపోయి అవుట్‌పుట్ రాకపోతే కాళ్లు చూడండి. 317 వరుస ఏడీజే, అవుట్, ఇన్. 337 వరుస ఏడీజే, ఇన్, అవుట్. 317 ట్యాబ్ అవుట్‌పుట్, 337 ట్యాబ్ ఇన్‌పుట్, కాబట్టి రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు బిగించాలంటే మైకా వాషర్ ఉండాలి.

స్విచ్ వేసినప్పుడు ఒక్కోసారి ఒక రైల్ లేవకపోతే, ముందు లేచిన రైల్ లోడ్ గుండా రెండోదాన్ని ఉల్టా దిక్కుకు లాగుతోంది. ప్రతి అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు, మామూలుగా కండక్ట్ కాని దిశలో ఒక 1ఎన్5819 డయోడ్ వేయండి. ప్లస్ రైల్‌లో డయోడ్ గీత అవుట్‌పుట్ వైపు, మైనస్ రైల్‌లో గీత గ్రౌండ్ వైపు ఉండాలి.