పంపు ఆయిల్ లాగడం లేదా? విప్పే ముందు వ్యాగన్లు చూడండి

రైలు వ్యాగన్ల నుంచి క్రూడ్ (ముడి చమురు) దించేటప్పుడు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే: పంపు నడుస్తోంది, ట్యాంకులోకి మాత్రం ఆయిల్ పోవడం లేదు. వెంటనే పంపు విప్పించేస్తారు. ఇంపెల్లర్ (లోపల తిరిగి ఆయిల్‌ను నెట్టే చక్రం), సీల్ రెండూ బాగానే ఉంటాయి. మళ్లీ బిగించి నడిపితే కాసేపు పనిచేస్తుంది, దాంతో రిపేరు ఫలించిందనుకుంటారు. ఫలించలేదు. అలా ఎందుకు జరుగుతుందో కింద చెప్తాను.

బ్రేకులు, చక్రాల కింద అడ్డుచెక్కలు, బాండింగ్ కేబుల్, గ్యాస్ డిటెక్టర్ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ముందు గేజీలు చదవండి

సక్షన్ వైపు (పంపు ఆయిల్‌ను లాగే వైపు) వాక్యూమ్ మామూలు కంటే ఎక్కువ చూపిస్తూ, ముల్లు కదలకుండా ఉంటే వచ్చే దారిలో అడ్డు ఉంది. మొదట స్ట్రైనర్ (చెత్తను ఆపే జల్లెడ), తర్వాత సగమే తెరిచిన వాల్వు, ఆ తర్వాత చల్లారి చిక్కబడిన ఆయిల్ చూడండి. వాక్యూమ్ సున్నా వైపు జారుతూ, సక్షన్, డెలివరీ (పంపు ఆయిల్‌ను బయటికి నెట్టే వైపు) ముళ్లు రెండూ వణుకుతుంటే గాలి పట్టింది. సక్షన్‌లో వాక్యూమే లేదు, డెలివరీ ప్రెషర్ మాత్రం ఎక్కువగా ఉందంటే అవతల ఏదో వాల్వు మూసి ఉంది. పంపు ఆపి లైన్ వెంట నడిచి చూడండి.

ఇంత సులువైన పరీక్షను వదిలేసి స్పానర్ పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఒక్క వ్యాగన్ మాత్రం దిగడం లేదు

పైన వెంట్ తెరిచారా? తెరిచామనే అంటారు. పైకెక్కి చూస్తే మూసి ఉంటుంది, లేదా వేపర్ హోస్ (ఆవిరి గొట్టం) తగిలించి దాని వాల్వు మరిచిపోయి ఉంటారు. గాలి లోపలికి రాకపోతే ఆయిల్ బయటికి రాదు. ఉత్తర అమెరికా వ్యాగన్లలో వాక్యూమ్ రిలీఫ్ వాల్వు (లోపల వాక్యూమ్ పెరిగితే గాలిని లోపలికి వదిలేది) సాధారణంగా 0.75 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వాక్యూమ్ దగ్గర తెరుచుకోవాలి. అంటే అప్పటికే షెల్ మీద చదరపు మీటరుకు 500 కిలోలకు పైగా భారం పడుతున్నట్టు. ఆ రిలీఫ్ వాల్వు మైనం పట్టి ఇరుక్కుపోతే, పెద్ద పంపు లాగుడుకు వ్యాగన్ షెల్ లోపలికి నొక్కుకుపోతుంది. కాబట్టి ముందు ఆ వ్యాగన్ కింది వాల్వు మూసి, తర్వాత వెంట్‌ను కొద్దికొద్దిగా తెరవండి. మ్యాన్‌హోల్ మూత మాత్రం ఒక్కసారిగా ఎత్తవద్దు.

బాగా నడిచి, మధ్యలో పట్టు వదిలేస్తోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. పది పన్నెండు వ్యాగన్లు ఒకే సక్షన్ హెడర్‌కు (పంపుకు వెళ్లే ఉమ్మడి పైపుకు) ఒక్కొక్క బ్రాంచి పైపుతో కలిపి ఉంటాయి. అన్నీ సమానంగా నింపినవే అయినా సమానంగా ఖాళీ కావు. పంపుకు దగ్గరగా ఉన్నది, వాల్వు పూర్తిగా తెరిచినది, పట్టాల వాలులో ఎత్తున ఉన్నది ముందు అయిపోతాయి. అలా ఖాళీ అయిన ఒక్క వ్యాగన్ చాలు. హెడర్‌లో వాక్యూమ్ ఉన్నప్పుడు ఆ బ్రాంచి గుండా గాలి దూసుకొస్తుంది, ఎందుకంటే ఆయిల్‌తో పోలిస్తే గాలి కదలడానికి తగిలే నిరోధం ఏమంత కాదు. మిగతా పదింట్లో ఆయిల్ ఉన్నా పంపుకు గాలే అందుతుంది. కేసింగ్‌లో కంకర దొర్లుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది.

అసలు మోసం ఆ తర్వాత జరుగుతుంది. పంపు ఆపగానే నిండు వ్యాగన్లలోని ఆయిల్ హెడర్‌ను నింపి, ఖాళీ వ్యాగన్‌లోకి కూడా ఎక్కుతుంది. గాలి తప్పుకుంటుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే పంపు చక్కగా నడుస్తుంది. కాసేపటికి ఆ వెనక్కి వెళ్లిన ఆయిల్ అయిపోతుంది, మళ్లీ అదే గొడవ. చూసేవాళ్లకు పంపులోనే ఏదో ఉండీ లేనట్టు లోపం ఉందనిపిస్తుంది. పైగా ఖాళీ అని రాసుకున్న వ్యాగన్ అడుగున ఆయిల్‌తోనే వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఏం చేయాలంటే:

1. పంపు ఆపిన వెంటనే అన్ని బ్రాంచి వాల్వులూ మూయండి. ఆలస్యమైతే ఆయిల్ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పారి, ఏది ముందు ఖాళీ అయిందో తెలియకుండా పోతుంది.
2. ప్రతి వ్యాగన్‌లో డిప్ వేయండి, అంటే కొలకర్రతోనో టేపుతోనో ఆయిల్ లోతు కొలవండి. 30 సెంటీమీటర్ల లోపు ఉన్నవాటిని పక్కన పెట్టి ట్యాగ్ కట్టండి. ఇంకా కొంత ఉన్నా, అవుట్‌లెట్ దగ్గర సుడి తిరిగి, పూర్తిగా ఖాళీ కాకముందే గాలి లాగడం మొదలవుతుంది.
3. ఎక్కువ ఆయిల్ ఉన్నవాటిని తెరిచి, పంపు కేసింగ్ వెంట్ నుంచి గాలిని క్లోజ్డ్ డ్రెయిన్‌లోకి (బయటికి తెరుచుకోని డ్రెయిన్ లైన్‌లోకి) వదలండి. నురగ పోయి ధార గట్టిగా వచ్చేదాకా ఆగండి.
4. డెలివరీ వాల్వు కొంచెమే తెరిచి స్టార్ట్ చేయండి. ప్రెషర్ నిలబడ్డాక మిగతాది తెరవండి.
5. పక్కన పెట్టినవాటిని చివర్లో, ఒక్కొక్కటిగా, నెమ్మదిగా లాగండి.

ఇక మీదట ప్రతి హోస్ దగ్గర సైట్ గ్లాస్ (లోపల పారే ఆయిల్ కనిపించే గాజు కిటికీ) ఉంటే ఒక మనిషి దాని మీదే కన్నేసి ఉంచాలి. బుడగ కనిపించిన క్షణమే ఆ బ్రాంచి మూసేయాలి. సైట్ గ్లాస్ లేకపోతే సగం దాటాక తరచుగా డిప్ వేయడమే దారి.

గాలి మొదటి నిమిషం నుంచే ఉంటే కారణం ఖాళీ వ్యాగన్ కాదు, వ్యాగన్ అవుట్‌లెట్‌కు హోస్ తగిలించే అడాప్టర్‌లోని గ్యాస్కెట్. పంపు నడుస్తున్నప్పుడు ఆ జాయింట్ పొడిగా కనిపిస్తుంది, ఎందుకంటే గాలిని లోపలికి పీలుస్తోంది. పంపు ఆపి చూడండి, అప్పుడు చుక్కలు పడతాయి. నడిచేటప్పుడు తడుముకుని «లీకు లేదు» అనేస్తే పూటంతా పోతుంది.

చిక్కటి క్రూడ్

వ్యాగన్‌కు స్టీమ్ కాయిల్స్ ఉంటే ముందు కండెన్సేట్ (స్టీమ్ చల్లారి మారిన నీరు) దారి తెరవండి, తర్వాతే స్టీమ్‌ను నెమ్మదిగా ఇవ్వండి. లేకపోతే పైపులు దడదడలాడతాయి. కండెన్సేట్‌లో ఆయిల్ మెరుపు కనిపిస్తే కాయిల్ చిల్లిపడిందని అర్థం, స్టీమ్ ఆపేయండి. పైన వేడెక్కినా కింది అవుట్‌లెట్ దగ్గర గడ్డ అలాగే ఉండొచ్చు. బ్లోటార్చ్ ఆలోచనే వద్దు.

కింది క్యాప్ వదులు చేస్తే ఆగకుండా కారుతోంది

లోపలి వాల్వు సరిగా కూర్చోలేదు. క్యాప్ తీయకుండా మళ్లీ బిగించి, వాల్వు సరిగా మూసుకుంటుందేమో చూడండి. మూసుకోకపోతే పైనుంచి దించే ఏర్పాటు చేయండి.

మిగతావి

తేలిక క్రూడ్ ఎండకు వేడెక్కి సక్షన్‌లోనే ఆవిరవుతుంటే పంపు వేగం తగ్గించండి. గడ్డకట్టే చలిలో అడుగున చేరిన నీరు వాల్వును మూసేయొచ్చు. హోస్ లోపలి పొర ఊడి మూతలా అడ్డుపడటం, మోటారు వైర్లు మార్చాక పంపు వెనక్కి తిరగడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి రండి.