కొత్త విత్తనంపై ఊళ్లో చర్చ పెట్టాలంటే

2009 అక్టోబరులో పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయకు జీఈఏసీ, అంటే ఇలాంటి విత్తనాలను పరిశీలించే కేంద్ర ప్రభుత్వ కమిటీ, పచ్చజెండా ఊపింది. ఆ తర్వాత అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నారు. 2010 ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు, అంటే ఆ విత్తనాన్ని అప్పటికి ఆపేశారు. చర్చ పెడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఊళ్లో సభ పెట్టాలంటే వేళ చూసుకోండి. కలుపు తీసే రోజుల్లో పొద్దున పెడితే ఆడవాళ్లు రారు. రాత్రి అన్నాలు తిన్నాక పెట్టండి. శాస్త్రవేత్తకు మైకు ముందే ఇవ్వొద్దు. మొదట రైతుల ప్రశ్నలు రావాలి. "విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా సారూ?" అని ఒక పెద్దామె అడిగిందనుకోండి, దాన్ని "మేధోసంపత్తి హక్కులపై సందేహం" అని రాయకండి. ఆమె అన్న మాటే రాయండి. చార్టు మీద, అందరికీ కనబడేలా, పెద్ద అక్షరాల్లో. చదువురానివాళ్ల కోసం ఒకరు పైకి చదవాలి. సభ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది.

కంపెనీ మనిషిని, వద్దనేవాళ్లను ఇద్దర్నీ పిలవండి. ఎవరి ఖర్చుతో వచ్చారో వాళ్లచేతే చెప్పించండి. 2001లో మెదక్ జిల్లాలో వ్యవసాయం ఎటు పోవాలన్న దానిపై జరిగిన 'ప్రజాతీర్పు' అనే సభలో ఇలాగే అన్ని పక్షాలవాళ్లూ వచ్చి చెబితే, ఎక్కువగా చిన్న రైతులే తీర్పరులుగా కూర్చుని విన్నారు.

ఫలితం తెలియాలంటే చేతులెత్తించి లెక్కపెడితే సరిపోదు. సభకు ముందూ తర్వాతా ఒకటే ప్రశ్న అడగండి: "ఈ విత్తనం వేస్తారా? ఎందుకు?" వాళ్లు చెప్పే కారణం ఎలా మారిందో రాసిపెట్టుకోండి. జవాబు రాని ప్రశ్నల పక్కన ఎవరు చెప్పాలో, ఏ తేదీలోగా చెప్పాలో రాయించండి. ఆ తేదీకి మళ్లీ వెళ్లండి. జవాబు రాకపోతే ఆ సంగతే చెప్పండి.