హైదరాబాద్ నుంచి వెళ్లి బెన్ లోమండ్ ఎక్కాలంటే

గ్లాస్గోలో చదువుకునే పిల్లల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక ఆదివారం స్కాట్లండ్‌లోని ఈ బెన్ లోమండ్ కొండకు పెట్టుకుంటారు. 974 మీటర్లే కదా, హైదరాబాదే 500 మీటర్ల పైన ఉంది, ఇంకెంత అనుకుంటారు. చిక్కంతా ఆ లెక్కలోనే. దారి మొదలయ్యేది లాఖ్ లోమండ్ ఒడ్డున, రోవర్డెన్నన్ దగ్గర. (అక్కడ లాఖ్ అంటే సరస్సు, మన లక్ష కాదు.) ఆ నీటి మట్టం సముద్రం కంటే పది మీటర్లు కూడా ఎత్తులో లేదు. అంటే 974లో దాదాపు అంతా మీ కాళ్లతోనే ఎక్కాలి. అలిపిరి మెట్ల దారి కంటే ఎక్కువ ఎక్కుడు. పైకప్పు ఉండదు, మధ్యలో మజ్జిగ అమ్మేవాళ్లూ ఉండరు.

కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ నడుస్తున్నాం కదా అంటే చాలదు, అక్కడ ఇంత ఎక్కుడు లేదు. అపార్ట్‌మెంట్ మెట్లే మంచి సాధనం. ఒక్కో అంతస్తు సుమారు 3 మీటర్లు. పది అంతస్తులు పదిసార్లు ఎక్కితే 300 మీటర్లు. ఆరు వారాల ముందు మొదలుపెట్టి, వారానికి మూడు రోజుల చొప్పున అక్కడిదాకా రండి. లిఫ్టులో మాత్రం దిగొద్దు. బెన్ లోమండ్ మీద మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. కొనే బూట్లు అడుగున గాట్లు లోతుగా ఉన్నవి చూసి, ఈ మెట్ల మీదే అలవాటు చేసుకోండి. కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే సగం దారిలోనే మడమలు బొబ్బలెక్కుతాయి.

బట్టల దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. జీన్స్, కాటన్ బనియన్ వద్దే వద్దు. కాటన్ చెమటనూ వాననూ పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, గాలి తగిలితే వణుకు పుడుతుంది. ప్రతి 100 మీటర్లకు 0.6 డిగ్రీల దాకా చలి పెరుగుతుంది. కింద 15 ఉంటే పైన 9. గట్టి గాలి తోడైతే నాలుగైదులా ఉంటుంది, అదీ జూలైలో. లోపల పాలియెస్టర్ టీషర్టు, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని పైచొక్కా, ఆపైన టోపీ ఉన్న వాన జాకెట్, వాన ప్యాంటు. ఉన్ని టోపీ, గ్లౌజులు బ్యాగులో ఉండాల్సిందే. గొడుగు ఇంట్లో వదిలేయండి, ఆ గాలికి తిరగబడుతుంది.

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి బాలోక్‌కు రైలు, అక్కడి నుంచి బాల్మహాకు బస్సు. ఆ తర్వాత రోవర్డెన్నన్ దాకా 11 కిలోమీటర్ల ఇరుకు రోడ్డు, రోవర్డెన్నన్‌తో రోడ్డే అయిపోతుంది. టాక్సీ ముందే మాట్లాడుకోండి. సొంత కారైతే, వేసవి శని, ఆదివారాల్లో 9 లోపు చేరకపోతే పార్కింగ్ దొరకడం కష్టం. వేసవిలో అవతలి ఒడ్డు నుంచి పడవలూ ఉంటాయి. తిరుగు పడవ వేళ చూసుకున్నాకే ఎక్కండి.

రానూపోనూ 12 కిలోమీటర్లు, ఐదు గంటలు. ముందు చెట్ల మధ్య ఏటవాలు, తర్వాత గేటు దాటితే గడ్డి కొండ. అక్కడి నుంచి చాలాసేపు ఒకే తీరుగా ఎక్కుడు, కాస్త చదును, చివర్లో వంకరలు తిరిగే నిటారు దారి. శిఖరం దగ్గర గట్టు వెంట నడిచేటప్పుడు కుడివైపు లోయ నిలువునా తెగి ఉంటుంది. మబ్బు కమ్మితే అంచు కనబడదు, ఫోటో కోసం అటు జరగొద్దు. ఎక్కడ ఉన్నా సరే, బయల్దేరిన మూడున్నర గంటలకు వెనక్కి తిరగాలని ముందే నిర్ణయించుకోండి. తిరుగు దారిగా టార్మిగన్ గట్టు చూపిస్తారు. రాళ్లు, నిటారు, బురద. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కిన దారినే దిగడం మేలు.

మే నుంచి సెప్టెంబరు వరకే వెళ్లండి. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, పైన మంచు గడ్డకట్టి ఉంటుంది. వేసవిలోనూ గాలి ఆడని సాయంత్రాలు మిడ్జ్ అనే, దోమల్లా కుట్టే నుసుమంత పురుగులు మొహాన్ని వదలవు, తల మీద వేసుకునే వల ఒకటి పెట్టుకోండి. తలా రెండు లీటర్ల నీళ్లు, చపాతీ రోల్స్, పల్లీ చిక్కీ చాలు. పులిహోర రుచే గానీ, చలికి బిగిసిన వేళ్లతో ఆ గాలిలో తినడం కుదరదు. ప్రమాదమైతే 999కి చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి.

పెద్దవాళ్లు ఉంటే బెన్ లోమండ్ మానేసి బాల్మహాలోనే కోనిక్ హిల్ ఎక్కించండి. 361 మీటర్లు, రెండు మూడు గంటల పని. పైనుంచి చూస్తే సరస్సులోని కొన్ని ద్వీపాలు ఒకే గీత మీద పేర్చినట్టుంటాయి. స్కాట్లండ్ మైదానాన్నీ ఎత్తు ప్రాంతాన్నీ విడదీసే భూభ్రంశ రేఖ, అంటే నేల పొరలు విరిగిన గీత, అదే. వాటిలో ఇంచ్‌కైలక్‌కు బాల్మహా రేవు నుంచి చిన్న పడవ వెళ్తుంది.