బీటెక్‌లో క్రెడిట్స్ లెక్క ముందే వేసుకోండి, సప్లీలొచ్చాక కాదు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయ్యి విజయనగరంలోనో రాజాంలోనో టెక్కలిలోనో సీటొచ్చిందనుకోండి, ఫస్ట్ వీక్‌లో అందరూ హాస్టల్ ఎలా ఉందో బస్సు పాస్ ఎంతో అడుగుతారు గాని, రెగ్యులేషన్స్ బుక్ ఒకటి ఉంటాదని, అందులోనే నాలుగేళ్ల కథంతా రాసుంటాదని ఎవరూ చూడరు. కాలేజీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉంటుంది, దించుకోండి. అటానమస్ కాలేజీ అయితే వాళ్లదే, లేదంటే యూనివర్సిటీది.

మామూలుగా బీటెక్ అంటే 160 క్రెడిట్స్. వారానికి ఒక గంట క్లాసుకి ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒకటి, అందుకే మూడు గంటల ల్యాబ్‌కి ఒకటిన్నరే వస్తాది. చాలా కాలేజీల్లో చివరి సెమ్‌లో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కలిపి 12 క్రెడిట్స్ ఉంటాయి, అంటే మిగతా 148 ఏడు సెమ్‌లలోనే లాగాలి, సెమ్‌కి 21 చొప్పున పడతాది. అమెరికాలో లాగ ఈ సెమ్ 12 తీసుకుంటా వచ్చే సెమ్ 18 తీసుకుంటా అంటే ఇక్కడ కుదరదు, టైంటేబుల్ వాళ్లే ఇచ్చేస్తారు. మరి మన చేతిలో ఏటుంది అంటే బ్యాక్‌లాగ్స్ (ఫెయిలై మిగిలిపోయిన సబ్జెక్టులు), ఎలక్టివ్స్ (మనమే ఎంచుకునే సబ్జెక్టులు), ఆన్‌లైన్ కోర్సులు, ఇంక కావాలంటే మైనర్, ఆనర్స్.

బ్యాక్‌లాగ్స్ దగ్గరే అందరూ తప్పు లెక్కేస్తారు. "నాకు నాలుగే ఉన్నాయిరా" అంటారు, సబ్జెక్టులు కాదు క్రెడిట్స్ లెక్కపెట్టండి. మూడు క్రెడిట్స్ సబ్జెక్టులు నాలుగు పోతే 12, దానికి కొత్త సెమ్ 21 కలిపితే 33 క్రెడిట్స్ మోస్తున్నట్టు, అదీ మిడ్స్, రికార్డులు రాసుకుంటూ. ప్రమోషన్‌కి జేఎన్‌టీయూ టైపు రూల్స్‌లో అప్పటిదాకా ఉన్న క్రెడిట్స్‌లో 40 శాతం ఉండాలి, రెండో ఏడాది చివరికి 80 అనుకుంటే 32. ఇది చూసి చాలామంది అబ్బో తేలికే అనుకుంటారు, కాని అది డిటైన్ అవ్వకుండా, అంటే పై ఏడాదికి వెళ్లకుండా ఆగిపోకుండా ఉండడానికి మాత్రమే, ప్లేస్‌మెంట్‌కి వచ్చిన కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్ లేనోళ్లనే కూర్చోబెడతాయి. కాబట్టి సప్లీ (ఫెయిలైనవి మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) నోటిఫికేషన్ వస్తే ముందు ఎం1, ఎం2 (మేథ్స్ 1, 2) లాంటివాటికి ఫీజు కట్టండి, తర్వాతి సబ్జెక్టులు వాటి మీదే నడుస్తాయి.

సీజీపీఏ, అంటే అన్ని సెమ్‌ల గ్రేడ్‌ల సగటు, అది కూడా క్రెడిట్స్ బరువుతోనే. మూడు క్రెడిట్స్ థియరీలో 9 వస్తే 27 పాయింట్లు, ఒకటిన్నర ల్యాబ్‌లో 10కి 10 వచ్చినా 15. అలాగని ల్యాబ్ వదిలేయకండి, తక్కువ కష్టంతో వచ్చే మార్కులవి.

ఆన్‌లైన్ కోర్సులకొస్తే, ఐఐటీలవాళ్లు నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకి మూడు క్రెడిట్స్, 8 వారాలకి రెండు. సెషన్లు జులైలో ఒకటి, జనవరిలో ఒకటి మొదలవుతాయి. చేరేముందే హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర ఒప్పించి సంతకం తీసుకోండి, సర్టిఫికెట్ వచ్చాక "ఇది మన లిస్టులో లేదమ్మా" అంటే ఏం చేస్తారు? ఫైనల్ ఎగ్జామ్ సెంటర్‌కెళ్లి రాయాలి, దానికి డబ్బులు వేరే కట్టాలి.

ఇంక మైనర్ (వేరే బ్రాంచి సబ్జెక్టులు అదనంగా చదవడం), ఆనర్స్ (సొంత బ్రాంచిలోనే అదనంగా చదవడం). 160 మీద ఇంకో 18 నుంచి 20 క్రెడిట్స్. పార్వతీపురం నుంచో బొబ్బిలి నుంచో రోజూ రైల్లో అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు మాత్రం బాగా ఆలోచించుకోండి, సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసు ఉంటే బండి పోద్ది. పైగా అటెండెన్స్ 75 శాతం అడుగుతారు, 65 దాకా అయితే మెడికల్ సర్టిఫికెట్, ఫైన్ కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు), అంతకన్నా తగ్గితే సెమ్ మొత్తం పోయినట్టే. ఫ్రెండ్ తీసుకున్నాడని మైనర్ తీసుకోడం మాత్రం నాకు నచ్చదు.

డిప్లొమా చేసి ఈసెట్‌తో డైరెక్ట్ సెకండియర్‌కి వచ్చినోళ్లకి ఫస్టియర్ క్రెడిట్స్ ఉండవు, మొత్తం తక్కువే. కాని మేథ్స్ బ్రిడ్జ్ కోర్సు పెడితే ఎగ్గొట్టకండి, సెకండియర్ ఫస్ట్ సెమ్‌లో ఎక్కువగా తన్నేది మేథ్సే.